అలల లెక్కకు కూర్చునే పిల్లలకు

మన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల పిల్లలెవరైనా లైనక్స్ మీద తీరప్రాంత మోడలింగ్ మొదలుపెడతామంటే నేను చెప్పే మాటలివి. సాఫ్ట్‌వేర్ ఉచితమే. అయితే దానికి తప్పుడు అంకె ఇచ్చినా మొహమాటం లేకుండా జవాబు ఇచ్చేస్తుంది. ఆ జవాబును నిలదీయడమే అసలు చదువు.

1. అలల్ని లెక్కగట్టే స్వాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఫోర్ట్రాన్‌లో రాశారు. ఉబుంటులో జీఫోర్ట్రాన్, పెర్ల్, సీమేక్, మేక్ ఉంటే మామూలు ల్యాప్‌టాప్ మీదే కంపైల్ చేసుకోవచ్చు. డెల్ఫ్ట్3డీ, ఓపెన్‌ఫోమ్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు, నాలుగు ప్రాసెసర్ల మీద ఒకేసారి నడపడం తరవాత చూద్దువుగాని.

2. మన వర్క్‌షాపులో బాగుచేసిన ఇంజన్‌కు ట్రయల్ తీయకుండా మెయిలు బండికి తగిలించరు. నువ్వూ స్వాన్ వాళ్లిచ్చే నమూనా కేసులు ముందు నడిపి, వాళ్ల ఫలితంతో సరిచూసుకో. స్వాన్‌ను నేరుగా నడిపితే అది వెతికేది INPUT అన్న పేరున్న ఫైలునే, మొత్తం క్యాపిటల్స్‌లో. లైనక్స్‌కు చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. ఆగిపోతే ఎవర్నో అడిగే ముందు ప్రింట్ ఫైలు చదువు. హెచ్చరికలన్నీ అందులోనే రాస్తుంది.

3. లోతు గుర్తు చూసుకో. జెబ్కో అనే ప్రపంచ సముద్రాల లోతుల పటంలో లోతు మైనస్‌లో ఉంటుంది, స్వాన్‌కు ప్లస్‌లో కావాలి. చదివించేటప్పుడు మైనస్ 1తో గుణించమని చెప్పకపోతే బంగాళాఖాతం నేలైపోయి, మన దగ్గరి తీరపు ఊరు దిఘా నీళ్లలోకి పోతుంది. పైగా జెబ్కో గడి వెడల్పు దాదాపు అర కిలోమీటరు. దిఘా ఒడ్డున అలలు విరిగే మేరంతా ఒకటి రెండు గడుల్లోనే ఇమిడిపోతుంది. అక్కడికి కొలిచి తెచ్చిన లోతులే కావాలి.

4. గాలి దిక్కు ఏ పద్ధతిలో చెప్పారో అడుగు. వేసవిలో దిఘా మీదికి వచ్చే దక్షిణపు గాలిని నావికులు 180 డిగ్రీలంటారు. ఎటునుంచి వస్తోందన్నది వాళ్ల లెక్క. నువ్వు నాటికల్ అని చెప్పకపోతే స్వాన్ కార్టీసియన్ పద్ధతి పట్టుకుంటుంది. అందులో 180 అంటే పడమరకు పోయే గాలి. పటం ముచ్చటగానే వస్తుంది, అలలు మాత్రం ఒడ్డు వెంట జారిపోతాయి.

5. అల వేరు, నీటిమట్టం వేరు. 2021 మే 26న యాస్ తుపాను ఒడిశాలో బాలేశ్వర్ వైపు తీరం దాటింది. అయినా దిఘా మునిగింది. ఆరోజు పౌర్ణమి. పోటుకు ఉప్పెన తోడై, పెరిగిన మట్టం మీద అలలు ఒడ్డున కట్టిన గోడ దాటాయి. పోటూ ఉప్పెనా స్వాన్ సొంతంగా లెక్కగట్టదు. ఆ మట్టం మనమే ఇవ్వాలి. దానికి ఆడ్‌సర్క్ లాంటి ఉప్పెన మోడల్ కావాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలకు వాడేదీ అదే.

6. కొలతతో పోల్చనిదే నమ్మకు. ఇన్‌కాయిస్ అలల బోయ్‌ల రికార్డు దొరికితే దానితో చూడు. ఒకసారి బేల్దా మీదుగా దిఘా వెళ్లి, పోటుకూ పాటుకూ నీరు ఎంతదాకా వస్తోందో గుర్తు పెట్టుకో. నీ పటం దానికి ఎదురు చెబితే ముందు అనుమానించాల్సింది పటాన్నే.