చివ్వెంల ప్రాంతంలో చామంతి పూతకాలం: రాత్రి నిడివి ప్రభావం

చామంతి తూర్పు ఆసియాకు చెందిన బహువార్షిక మొక్క. దాని అడవి జాతులు చైనా, కొరియా, జపాన్ కొండవాలులలో నేటికీ పెరుగుతున్నాయి. లిన్నేయస్ వాటిలో ఒకదానికి ‘ఇండికమ్’ అని పేరిడినను అది భారతదేశపు మొక్క కాదు. చలికాలంలో పైభాగం ఎండి, మొదలు నుండి మరల పిలకలు వేయుట, శరదృతువులో రాత్రి పెరిగినప్పుడు పూయుట దీని కొండ స్వభావం. మైదానానికి వచ్చినను ఆ స్వభావం పోలేదు.

సూర్యాపేట జిల్లా చివ్వెంల సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ పగలు జూన్‌లో దాదాపు 13 గంటలు, డిసెంబరులో దాదాపు 11 గంటలు. పలు వాణిజ్య రకాలలో మొగ్గ ఏర్పడుటకు పగలు 14.5 గంటలకు, మొగ్గ ఎదుగుటకు 13.5 గంటలకు లోపు ఉండవలెను. ఆ లెక్కన ఇక్కడ ఏడాది పొడవునా పూయవలసినదే. అట్లు జరుగకపోవుటకు కారణాలు రెండు: స్థానిక రకాలకు ఇంకా దీర్ఘమైన రాత్రి అవసరం, వేడి రాత్రులలో మొగ్గ ఎదుగుదల మందగిస్తుంది. అందువలన జూన్, జూలైలలో నాటిన పైరు సాధారణంగా నవంబరు, డిసెంబరులలో పూస్తుంది; బతుకమ్మ పండుగ అప్పటికే దాటిపోతుంది.

దీపాలు పెడితే పూత ముందుకు వస్తుందని భావించుట పొరపాటు. అర్ధరాత్రి వెలుతురు చామంతి పూతను ఆపుతుంది. రహదారి దీపాల కాంతి పడే మడిలో పూత ఆలస్యమైతే, ఎరువుల లోపమని నిర్ణయించుటకు ముందు ఆ దీపాలను చూడవలెను. పూతను ముందుకు తెచ్చుటకు సాయంత్రం నుండి ఉదయం వరకు నల్లని గుడ్డ కప్పవచ్చును. కాని సెప్టెంబరు ఉక్కలో దాని క్రింద వేడి పెరిగి ప్రయోజనం దెబ్బతింటుంది. బతుకమ్మకు త్వరగా పూసే రకాల ఎంపికయే మేలు.

దీపాలు నిజముగా ఉపకరించేది మాఘమాసపు గిరాకీకి. ఈ మండలంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకొకసారి ఆ మాసంలోనే జరుగుతుంది. అక్టోబరులో నాటి, రాత్రి 10 నుండి 2 గంటల వరకు వెలుతురునిచ్చి, డిసెంబరు మొదటి వారంలో ఆపినచో, 10 వారాలలో పూసే రకం ఫిబ్రవరి నడుమ కోతకు వస్తుంది.

రాత్రి నిడివిని గుర్తించేది ఆకు. 1930ల దశకంలో సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ చామంతిపైనే ఈ విషయం చూపెను. కనుక వానాకాలపు ఆకుమచ్చ తెగులుతో ఆకులు రాలకుండా కాపాడుట పూతకూ అవసరమే.

పూలకోత ముగిసిన తరువాత కాడలను నేలకు కొద్ది ఎత్తులో కత్తిరించి, తల్లిమొక్కలను ఏప్రిల్, మే నెలలలో నీడవల క్రింద, నీరు నిలువని మడులలో ఉంచవలెను. 40 డిగ్రీలు దాటిన ఎండలో అవి చనిపోతే తదుపరి జూన్‌కు పిలకలు దొరకవు.