వజ్రం జోలికి పోకు, కెంపుతో మొదలుపెట్టు

మేనకోడలికి,

కూచిపూడి రంగప్రవేశాలకు నగల సెట్లు కట్టి ఇచ్చే పని మొదలుపెట్టావని, రాళ్లు బజారులో కొనకుండా ఇంట్లోనే అచ్చులు చేసి రెజిన్ పోద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోల్లో మొదటిదే వజ్రం అచ్చు. ఫోన్‌లో తేలే మాట కాదని ఈ ఉత్తరం. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి ఉత్తరం రాసినా అందులో పాఠం వాసన వస్తుంది. కాస్త ఓర్చుకో.

వజ్రం అందమంతా అది కాంతిని వంచే తీరులో ఉంది. దాని వక్రీభవన గుణకం 2.42. కెంపుకు 1.76. గట్టిపడిన ఎపాక్సీ రెజిన్ 1.5 దాటి కొంచెం పైన, మామూలు గాజు దరిదాపుల్లో ఆగిపోతుంది. ఎన్ని ముఖాలున్న అచ్చులో పోసినా లోపలికి వెళ్లిన వెలుతురంతా తిరిగి కంటికి రాదు, చాలావరకు వెనకనుంచే జారిపోతుంది. పైగా ముఖాల అంచులు పదునుగా ఉండాలి. అచ్చులోంచి వచ్చిన అంచు సాన పట్టిన అంచుకు ఎప్పుడూ సాటి రాదు. వచ్చినా నిలవదు: ఇంట్లో దుమ్ములో ఉండే సన్నని ఇసుక రేణువు కూడా రెజిన్ కన్నా ఎంతో గట్టిది, గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీత పడుతుంది. ఇవన్నీ దాటినా ఎండ ఉండనే ఉంది. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. తెల్లరాయిలో ఆ పసుపు దాగదు.

వజ్రాన్ని అనుకరించి గెలిచినవాళ్లు లేకపోలేదు. 18వ శతాబ్దంలో పారిస్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ అనే నగల వర్తకుడు సీసం కలిపిన గాజుతో వజ్రాల్లాంటి రాళ్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. సీసం చేరితే గాజు కాంతిని ఇంకా వంచుతుంది, కిటుకు అదే. 1892లో డానియల్ స్వరోవ్‌స్కీ గాజురాళ్లను సాన పట్టే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇద్దరిదీ గాజే. వాళ్లు గెలిచిన బరిలోకి రెజిన్‌ను దించడం దండగ.

కెంపు సంగతి వేరు. నాట్యం నగలకు పేరుపడ్డ ఊరు నాగర్‌కోయిల్‌లోని వడశేరి. ఆ తరహా నగల్లో రాయికి ముఖాలుండవు. పైన నున్నగా ఉబ్బి ఉంటుంది, కింద చదును. వెనక రేకు వేసి, లోహపు గూటిలో మూసి పొదుగుతారు. వెనకనుంచి వెలుతురు రాదు కాబట్టి రాయి చేయాల్సింది రంగు చూపించడమే, మెరుపు రేకు చూసుకుంటుంది. ఇది నకిలీవాళ్ల ఎత్తు కాదు. కుందన్ పనిలో అసలైన కెంపులకూ పచ్చలకూ వెనక రేకు పెట్టే పొదుగుతారు, నగ లోపల లక్క నింపుతారు. ఆ లక్క ఏమిటి? కొమ్మల మీద లక్క పురుగు స్రవించే రెజిన్. హైదరాబాద్ లాడ్ బజార్‌లో దాన్నే నిప్పుల మీద మెత్తబరిచి, చేతి గాజుగా వంచి, వేడి తగ్గకముందే రాళ్లు అద్దుతారు. ఆ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రెజిన్ నగ అనగానే ముక్కు విరిచే బంధువులకు ఈ మాట చెప్పు.

ఇంకో లాభం బరువు. మామూలు గాజు సాంద్రత 2.5, ఎపాక్సీది 1.1 నుంచి 1.2. రాయి బరువు సగానికి పైగా తగ్గుతుంది. లోహం బరువు ఎటూ తప్పదు గానీ, రాకుడి, జడ, వడ్డాణం అన్నీ పెట్టుకుని ఆడే పిల్ల మెడకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక అచ్చు. కొత్తగా దిగేవాళ్లు ఖరీదైన రెజిన్ కొని, అచ్చు దగ్గర పిసినారితనం చూపిస్తారు. జరగాల్సింది తలకిందులుగా. సిలికాన్ వేలిముద్రను కూడా వదలదు. ఏ రాయి మీద అచ్చు తీస్తామో ఆ మూలం రాయి మీద ఎంత నునుపు ఉంటే అచ్చులో అంతే, అచ్చులో ఎంత ఉంటే రెజిన్‌లో అంతే. మూలం మసకైతే దాని పిల్లలన్నీ మసకే. అందుకే మూలం రాయిని ముందు తీర్చుకోవాలి. 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా తడిగా రుద్దాలి. మధ్యలో నంబరు ఎగ్గొడితే పాత గీతలు మిగిలిపోతాయి. ఆ తర్వాత మెరుగు పేస్టు. ఒక్క రాయి మీద ఒక పూట పోతుంది, పోనీ. దానిలోంచి వచ్చే వందల రాళ్లకు ఆ పూట పని తప్పుతుంది.

బజారులో దొరికే కెంపు రంగు గాజురాయినే మూలంగా పెట్టుకుందామని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. సిలికాన్ గాజును పట్టుకుంటుంది. అక్వేరియం అద్దాలను అతికేది దానితోనే కదా! గాజు మీద పెట్రోలియం జెల్లీని కనీకనిపించనంత పలచగా రాస్తేనే విడివడుతుంది. మందంగా రాస్తే కుంచె గీతలు కూడా అచ్చులోకి దిగుతాయి. ఇంకో గొయ్యి బొమ్మలు చేసే మైనపు మట్టి. కొన్ని రకాల్లో గంధకం ఉంటుంది. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్‌కు గంధకం తగిలితే అది గట్టిపడటం మానేసి జిగురుగానే ఉండిపోతుంది. రబ్బరు తొడుగులూ అదే పని చేస్తాయి.

చేతి అలవాటు కోసమైతే చవక అచ్చు చాలు. హార్డ్‌వేర్ దుకాణంలో బాత్‌రూమ్ మూలలకు పూసే సిలికాన్ సీలెంట్ దొరుకుతుంది. వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోవాలి. కార్న్‌ఫ్లోర్ కలిపి చపాతీ పిండిలా మర్దిస్తే చేతికి అంటుకోని ముద్ద అవుతుంది. పిండిలోని తేమ వల్ల సీలెంట్ లోపలినుంచి కూడా గట్టిపడుతుంది, లేకపోతే పైపొర మాత్రమే ఎండుతుంది. మూలం రాయిని అందులోకి నొక్కి వదిలేయాలి. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది కాబట్టి కిటికీలు తెరిచి, చేతికి తొడుగు వేసుకుని చేయాలి. ఈ అచ్చులో రాయి కొంచెం మసకగానే వస్తుంది. పగడానికీ ఫిరోజాకూ పరవాలేదు, కెంపుకు చాలదు. కెంపుకు రెండు భాగాలు కలిపే అచ్చు సిలికాన్ కొనాల్సిందే. తగరంతో గట్టిపడేది చవక, కానీ కాలం గడిచేకొద్దీ కొంచెం కుంచించుకుంటుంది. ప్లాటినం రకం ఖరీదు, కొలత నిలుస్తుంది. గూటిలో బిగుతుగా కూర్చోవలసిన రాయికి కొలత ముఖ్యం గనుక అత్తయ్య ఓటు ప్లాటినానికే.

ఎంత మంచి అచ్చయినా శాశ్వతం కాదు. రెజిన్ దాని నునుపును మెల్లగా తినేస్తుంది. ముందు మెరుపు పోతుంది, తర్వాత అంచు చిరుగుతుంది. మూలం రాయిని భద్రంగా దాచుకుంటే కొత్త అచ్చు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

రెజిన్ పోయడం చూడటానికి వేడుక, చేయడం లెక్కల పని. రెజిన్‌లోని అణువులు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌లోని అణువులు జత కలిస్తేనే గట్టిదనం. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది ఉత్త భ్రమ. జత దొరకనివి మిగిలిపోయి రాయి జన్మంతా జిడ్డుగా ఉంటుంది. సీసా మీద పరిమాణం లెక్కన 2:1 అని ఉంటే తూకం వేసి 2:1 కలపకూడదు, రెండు ద్రవాల సాంద్రతలు ఒకటి కావు. ఒక్కో కెంపు రాయికి అర మిల్లీలీటరు కూడా పట్టదు గనుక కొంచెమే కలుపుకుందామనిపిస్తుంది. అదీ తప్పే. 5 గ్రాములు కలిపేటప్పుడు అర గ్రాము తేడా వస్తే పదో వంతు తప్పినట్టు. 20 గ్రాములు కలుపుకుని, అన్ని అచ్చులూ ఒకేసారి నింపడం మేలు. నెమ్మదిగా, గిన్నె గోడలూ అడుగూ గీకుతూ మూడు నాలుగు నిమిషాలు కలపాలి. గిలక్కొడితే బుడగలే బుడగలు. రెజిన్ సీసాను ముందుగా గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే పలచబడి బుడగలు సులువుగా పైకి వస్తాయి.

రంగు పారదర్శకంగా ఉండాలి. చిక్కనైతే కెంపు కాస్తా చొక్కా గుండీ అయిపోతుంది. రెజిన్‌కని అమ్మే రంగును పుల్ల మొనతో ముంచి, వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ కలపాలి. వంటింటి ఫుడ్ కలర్‌లో నీళ్లుంటాయి, పనికిరాదు. అచ్చును అంచు కన్నా ఒక పిసరు ఎక్కువ నింపాలి. గట్టిపడేటప్పుడు రెజిన్ అంచుల వెంట పైకి పాకి మధ్యలో గుంట చేస్తుంది. ఎక్కువ నింపితే తర్వాత రుద్ది చదును చేసుకోవచ్చు. వెనకవైపు చదునైతేనే రేకు అతుకుతుంది. ఒక రోజుకు అచ్చులోంచి తీయొచ్చు గానీ పూర్తి గట్టిదనం రావడానికి మూడు రోజులైనా పడుతుంది. మీ కాకినాడ తేమకు, అందులోనూ వానాకాలంలో, పైన జిడ్డు పొర కట్టొచ్చు. రుద్దేముందు సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. ఇవాళ పోసి రేపు నగ అప్పగిస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకు. దీపం కింద క్షణాల్లో గట్టిపడే యూవీ రెజిన్ ఉంది కదా అంటావేమో. ఎర్రరంగు ఆ కిరణాలను లోపలికి పోనివ్వదు, ఉబ్బు రాయిలో కడుపు పచ్చిగా మిగులుతుంది.

ఇక్కడినుంచి అత్తయ్య గొంతు కొంచెం పెరుగుతుంది. వాసన రానంత మాత్రాన రెజిన్ నిరపాయం కాదు. పచ్చి ఎపాక్సీ, దాని హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ పుట్టొచ్చు. ఒకసారి ఒంటికి పట్టిందంటే జన్మకి వదలదు, ఆ తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. పని మానుకోవాల్సి వచ్చినవాళ్లున్నారు. నైట్రైల్ తొడుగులు, నిండు చేతుల చొక్కా, గాలి ఆడే గది తప్పనిసరి. చేతికి తగిలితే సబ్బుతో కడగాలి. థిన్నర్‌తో తుడిస్తే అది రెజిన్‌ను చర్మంలోకి ఇంకా దింపుతుంది. పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగానే రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. వంటింటి గరిటె, గిన్నె ఒకసారి ఇందులోకి వస్తే మళ్లీ వంటింట్లోకి పోకూడదు. గిన్నెలో మిగిలిన పచ్చి రెజిన్ కుప్పగా ఉంటే తనంత తానే వేడెక్కి పొగలు కక్కొచ్చు. వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, గట్టిపడ్డాక చెత్తలో వేయాలి, సింకులో కాదు.

నకలు చేసే పని తక్కువదని నీకు ఎవరైనా చెబితే పారిస్ కథ ఒకటుంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే నీలి వజ్రాన్ని టావెర్నియే అనే వర్తకుడు 1668లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. రాజు దాన్ని సాన పట్టించాడు. 1792లో విప్లవం గందరగోళంలో దొంగలు ఎత్తుకుపోయారు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం దానిలోంచి తెగిన ముక్కేనని చాలా కాలంగా అనుమానం. 2007లో పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఫ్రాన్స్వా ఫార్జ్ అనే ఖనిజ శాస్త్రజ్ఞుడి కంట ఒక సీసపు ముద్ద పడింది. పోయిన వజ్రానికి ఎవరో తీసి పెట్టుకున్న పోత అది. దాని కొలతలతో కంప్యూటర్‌లో పాత వజ్రాన్ని మళ్లీ కట్టి చూస్తే, హోప్ వజ్రం అందులో ఇమిడిపోయింది. రాజు రాయి జాడ చెప్పింది, ఎవరూ దొంగిలించాలనుకోని సీసం ముక్క.

అలాగని నకలును అసలని అమ్మేవాళ్లు ఇప్పుడు పుట్టినవాళ్లు కారు. దాదాపు 2000 ఏళ్ల కిందట రోమ్‌లో ప్లినీ అనే రచయిత, రాళ్లను నకలు చేసే పద్ధతులు చెప్పే గ్రంథాలున్నాయని రాస్తూ, వాటి పేర్లు మాత్రం చెప్పనని భీష్మించాడు. అంత భయం. మన బందరు పక్క చిలకలపూడి వాళ్లకు ఆ బెంగ లేదు. అది రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్మారు, ఊరి పేరే సరుకు పేరై తెలుగిళ్లన్నిటికీ పాకింది. బేకలైట్ కూడా అంతే. 1909లో లియో బేక్‌లాండ్ లోకానికి చూపించిన ఆ ప్లాస్టిక్‌తో ఒకప్పుడు చవక గాజులు చేశారు, ఇవాళ వాటిని బేకలైట్ అనే పేరుతోనే ఏరి కొనుక్కునేవాళ్లున్నారు.

నీ సెట్ల మీద చీటీ అతికించేటప్పుడు “కెంపు” అని ఊరుకోకు, “రెజిన్ కెంపు, రేకు పొదుగు” అని తెలుగులో స్పష్టంగా రాయి. వెనకవైపు మూడు జాగ్రత్తలు కూడా ఉండాలి. సెంటు, నెయిల్ పాలిష్ రిమూవర్ తగలనీయొద్దు, రాయి మసకబారుతుంది. మే నెల ఎండలో కారులో వదిలేయొద్దు, మెత్తబడి గూటిలో కదులుతుంది. తుడవాల్సి వస్తే తడి మెత్తటి గుడ్డతోనే తుడవాలి. మొదటి సెట్టు ఎవరికిచ్చినా, అదే పోతలోవి నాలుగైదు రాళ్లు విడిగా దాచిపెట్టు. ఊడిపోయిన రాయికి రంగు కలిసే జత రెండోసారి కలిపిన రెజిన్‌లో దొరకదు.

ఇట్లు,
అత్తయ్య