బొమ్మ మీద పేపరు కప్పకండి

సమస్య: మేడమ్ గారూ, నా వయసు 52. హనుమకొండలో ఉంటాం. అబ్బాయి పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. "అమ్మా, నీకు చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ఇష్టం కదా, నేర్చుకో" అంటూ రాజస్థానీ సూక్ష్మచిత్రాలు నేర్పే వీడియో వాడే పంపాడు. అది చూసి కిషన్‌గఢ్ శైలిలో బనీ ఠనీ అనే స్త్రీ ముఖం మొదలుపెట్టాను. వీడియోలో ఆవిడ గీత వెంట్రుకలా వస్తుంది. నాది కాగితంలోకి పాకిపోతుంది. రెండో పూత వేస్తుంటే కింది రంగు లేచి వస్తోంది. "ఇక పర్దాజ్ చేసుకోండి" అంటుంది, మరుక్షణం బుగ్గ నున్నగా తయారైపోయి ఉంటుంది. మధ్యలో ఏం చేసిందో చూపించదు. "ఇరవై నిమిషాల వీడియోనేగా, ఇంకా అవలేదా?" అని అబ్బాయి ఫోన్లో నవ్వుతాడు. మావారు ఓసారి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోతారు. ఈమధ్య గేటు చప్పుడైతే బొమ్మ మీద పేపరు కప్పేస్తున్నాను. ఈ వయసులో నాకిది అవసరమా? మానేయనా?
- ఒక సోదరి, హనుమకొండ

సలహా: అమ్మా, గేటు చప్పుడు దగ్గరే నేను ఆగిపోయాను. సొంత ఇంట్లో, సొంత చేత్తో వేసిన బొమ్మను దొంగసొత్తులా దాచుకోవడమేమిటి? మానేయకండి.

రంగుల సంగతి ముందు చెప్పేస్తాను. గీత పాకుతోందంటే కాగితం నునుపు చాల్లేదు. ఈ బొమ్మలకు కాగితాలు పొరలుగా అతికించి, నున్నటి రాయితో రుద్దిన వస్లీ కావాలి. పూత లేచి వస్తోందంటే పొడి రంగులో తుమ్మజిగురు తక్కువైంది, లేదా కుంచెలో నీరు ఎక్కువైంది. అలాగని జిగురు మరీ పోస్తే రంగు పగుళ్లిస్తుంది. దగ్గర్లో నేర్పేవాళ్లుంటే వెళ్లండి, లేకపోతే ముఖం పక్కనపెట్టి ముందు ఒక ఆకు, ఒక పువ్వు వేయండి.

ఇక మీ అబ్బాయి లెక్క. పర్దాజ్ అంటే నీడ ఉన్నచోటల్లా సన్నని గీతలు, చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోవడం. చూసేవాళ్లకు ఓపిక ఉండదని దానికి పట్టే గంటలన్నీ వీడియోలో కత్తిరించేశారు. మిగిలిన ఇరవై నిమిషాలతో అమ్మ చేతిని కొలుస్తున్నాడు మీవాడు. తప్పు, వాడికి గట్టిగానే చెప్పండి.

అసలు ఈ పనికి ఎంత కాలం, ఎన్ని చేతులు కావాలో చూడండి. అక్బరు చిత్రశాలలో హమ్జానామా అనే కథల గ్రంథానికి బొమ్మలు పూర్తికావడానికి సుమారు 15 ఏళ్లు పట్టింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బర్‌నామా చూడండి: బొమ్మల కింద అంచుల్లో రూపం గీసిన వారి పేరు ఒకటి, రంగులు వేసిన వారిది ఇంకొకటి. కొన్నిటికి ముఖాలు దిద్దిన వారి పేరూ విడిగా ఉంటుంది. పహాడీ చిత్రాలకు పేరున్న గులేరులో పండిత్ సేవూ, ఆయన కొడుకులు మానకూ, నైన్‌సుఖ్ అందరూ చిత్రకారులే. కుంచె పట్టుకుని కూర్చోవడం అక్కడ ఇంటి పని. ఇంతమంది చేతులు పంచుకున్న పనిని మీరొక్కరే, వంటకూ బట్టలు మడతపెట్టడానికీ మధ్య దొరికిన కాస్త వెలుగులో చేస్తున్నారు. రాలేదని ఏడవాల్సిన పనేముంది?

మన ఇళ్లలో ఆడవాళ్లకు "ఖాళీ" ఉంటుందంటారు గానీ వాళ్లదంటూ ఒక వేళ ఉంటుందని ఎవరూ అనుకోరు. మగవాళ్లు పొద్దున గంటసేపు పేపరు చదివితే ఎంతవరకు వచ్చిందని అడగం. అదే ఇల్లాలు ఇష్టంతో ఏదైనా పట్టుకుంటే ఎప్పుడవుతుంది, ఎందుకు పనికొస్తుంది, ఎవరైనా కొంటారా అని ఆరా తీస్తాం. అడగకుండా చూసి వెళ్లిపోయినా ఆ ప్రశ్న వినపడుతూనే ఉంటుంది. పిల్లలకు డ్రాయింగు పుస్తకాలు కొని, వాళ్లు గీసిన ప్రతి పిచ్చిగీతనూ గోడకు అంటించి మురిసింది ఈ తల్లే కదా!

కిటికీ దగ్గర ఒక బల్ల వేయించుకోండి. బొమ్మ దానిమీదే ఉండాలి, ఎవరొచ్చినా తీయకూడదు. మీవారు మాట్లాడకపోతే మీరే పిలిచి, ఆ రెప్ప ఎలా దిద్దారో చూపించండి. ఒక ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాల ముందు తీరిగ్గా నిలబడండి. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు తుమ్మజిగురు నానబెట్టి రంగు నూరే పని వాడికి అప్పజెప్పండి.