వంట చదువు: ఫీజు కట్టుటకు ముందు రైతులు తెలిసికొనవలసిన సంగతులు

మంచాల మండలమునందలి రైతు సోదరులు పది, ఇంటరు ముగించిన పిల్లలను పై చదువులకై ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదు పంపుట మామూలే. ఆ చదువులలో హోటలు వంట కూడ ఒకటి. "వంట ఇంట్లోనే వచ్చును గదా, దానికి డబ్బు కట్టి చదువవలెనా?" అను సందేహము కలుగుట సహజము. దానికి సమాధానము తెలిసికొనిన పిమ్మటనే ఫీజు కట్టుట మంచిది.

ఇంటి వంటకు, బడి వంటకు భేదము

మన ఇండ్లలో జొన్నరొట్టెకు పిండిని మరుగు నీళ్లతో కలుపుదురు. చన్నీళ్లతో కలిపినచో తట్టునప్పుడు అంచులు పగులును. ఇది మీకందరికి తెలిసినదే. కారణమేమి? గోధుమలో పిండిని పట్టి ఉంచు గ్లూటెన్ అను జిగురు కలదు. జొన్నలో అది లేదు. వేడి నీరు తగిలినప్పుడు జొన్నలోని గంజి పదార్థము ఉబ్బి జిగట నిచ్చును. ఈ సంగతి తెలిసినవారు సజ్జపిండి, రాగిపిండి ఇచ్చినను తడబడరు. ఎట్లు చేయవలెనో ఇంటిలో నేర్తుము; ఎందుకు చేయవలెనో మంచి బడిలో నేర్పుదురు.

తరుగుట, తూచుట, లెక్క వేయుట

శిక్షణలో మసాలాల కంటె ముందు కత్తి పట్టుట, తూచుట నేర్వవలెను. ముక్కలన్నియు ఒకే పరిమాణమున లేనిచో చిన్నవి చిదికిపోవును, పెద్దవి ఉడకక మిగులును. హోటళ్లవారు ఒకే సైజు కూరగాయలను ఏరుకొనుటకు ఇదియు ఒక కారణము.

10 కిలోల కూరగాయలను 200 రూపాయలకు కొన్నారనుకొనుడు. తొక్క, తొడిమ, పుచ్చు తీసివేయగా 8 కిలోలు మిగిలినచో వంటకు పడిన ధర కిలోకు 20 రూపాయలు కాదు, 25 రూపాయలు. ఈ లెక్క రానివారు ఎంత రుచిగా వండినను వ్యాపారములో నష్టపోవుదురు.

శుభ్రత

వండిన పదార్థము 5 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి మధ్య ఎక్కువ సేపు ఉన్నచో సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. కావున వడ్డించువరకు 60 డిగ్రీలకు పైగా వేడిగా ఉంచవలెను. మిగిలిన అన్నమును వెడల్పు పళ్లెములలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టవలెను. నిలువ ఉన్న అన్నములో పుట్టు ఒక రకపు విషము మరల వేడి చేసినను పోదు. ఇంటిలో జరిగిన పొరపాటు నలుగురిని బాధించును; అదే పొరపాటు పెండ్లి వంటలో జరిగినచో ఐదువందల మంది ఆసుపత్రి పాలగుదురు.

ఎక్కడ నేర్వవచ్చును?

హైదరాబాదు విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ 1972లో ఏర్పడినది. ఇది కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోనిది. ఇంటరు ముగించినవారు జాతీయ ప్రవేశ పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరవచ్చును. పది చదివినవారికి ఐ.టి.ఐ. పద్ధతిలో "ఫుడ్ ప్రొడక్షన్ జనరల్" అను ఒక సంవత్సరపు ట్రేడు కలదు. అది ఏ ఐ.టి.ఐ.లో నడుచుచున్నదో చేరుటకు ముందు విచారించవలెను.

ప్రైవేటు సంస్థలో చేర్చదలచినచో స్వయముగా వెళ్లి వంటశాలను చూడుడు. ఈ ప్రశ్నలు తప్పక అడుగుడు:

1. విద్యార్థి వారమునకు ఎన్ని గంటలు తన చేతితో వండును? గురువు వండగా చూచుట శిక్షణ కాదు.
2. ఒక్కొక్క పొయ్యికి ఎంతమంది విద్యార్థులు?
3. హోటలులో పని నేర్చుకొను కాలమెంత? అప్పుడు వసతి, భోజనము ఎవరివి?
4. సర్టిఫికెట్ ఎవరు ఇత్తురు? దానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా?
5. నిరుడు చదివినవారు ఎక్కడ పని చేయుచున్నారు? వారిలో ఇద్దరితోనైనను మాట్లాడుడు.

ఉద్యోగము ఖాయమను మాట నమ్మి పొలము తాకట్టు పెట్టకూడదు. ఏ హామీ అయినను కాగితముపై వ్రాయించుకొనవలెను.

ముందు ఒక మడిలో వేసి చూడుడు

హోటలు పనిలో గంటల తరబడి నిలువవలెను. పొయ్యి వేడి భరింపవలెను. పండుగనాడు లోకమంతయు తిను వేళ వంటవాడు పనిలో ఉండును. మొదట ఉల్లిగడ్డలు తరుగుట, గిన్నెలు సర్దుట వంటి పనులే దొరుకును. ఇది పిల్లలకు ముందే చెప్పవలెను.

కొత్త విత్తనమును ఎవరును ఒకేసారి పొలమంతయు వేయరు. అట్లే, పద్దెనిమిది నిండిన పిల్లవానినైనను, పిల్లనైనను సెలవులలో పదిహేను దినములు తెలిసిన పెండ్లి వంటవారి వెంట పంపుడు. ఇంటిలో ఒక చిన్న త్రాసు, ఒక నోటుపుస్తకము ఇచ్చి, వండిన ప్రతి కూరకు సరుకుల తూకము, పట్టిన వేళ, అయిన ఖర్చు వ్రాయించుడు. పదిహేను దినముల పిమ్మటను ఉత్సాహము తగ్గనిచో నిశ్చింతగా చేర్పించుడు. తగ్గినచో ఫీజు మిగిలినది, పిల్లలకు ఒక సంవత్సరమును మిగిలినది.