మంచు చూడటానికి కారులోనా, విమానంలోనా?



"ఈసారి పిల్లలకు మంచు చూపిద్దామనుకుంటున్నాం మేడమ్, కారులోనే మనాలీ వెళ్తే ఎలా ఉంటుంది?" పేరెంట్స్ మీటింగ్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు మీ పిల్లలతోనే లెక్క కట్టించండి.

ఎల్బీనగర్ నుంచి మనాలీకి సుమారు 2,100 కిలోమీటర్లు. రోజుకు 500 చొప్పున వెళ్తే అయిదు రోజులు, తిరుగు ప్రయాణానికి మరో అయిదు. అక్కడ మూడు రోజులు ఉంటే మొత్తం 13 రోజులు. సంక్రాంతి సెలవులకు ఇది సరిపోదు. సోలంగ్ లోయలో పిల్లలు స్కీయింగ్ నేర్చుకునేది మాత్రం ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. అందుకే స్కీయింగ్ కోసమైతే ఢిల్లీ వరకు విమానమో రైలో మంచిది. అక్కడి నుంచి మరో 530 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం ఎలాగూ తప్పదు. మంచు చూస్తే చాలనుకుంటే వేసవి సెలవుల్లో కారు ప్రయాణం కుదురుతుంది. మే నెలలో కింద లోయలో మంచు కరిగిపోయినా, 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తాంగ్ కనుమ దగ్గర సాధారణంగా ఉంటుంది. వాహనానికి ముందే పర్మిట్ తీసుకోవాలి.

ఖర్చు లెక్క కూడా వాళ్లకే అప్పగించండి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఒకవైపే 140 లీటర్లు కావాలి. టోల్, దారిలో హోటల్, భోజనం ఖర్చులు కలిపితేనే టికెట్ల ధరతో సరైన పోలిక.

మరి కారులో వెళ్తే పిల్లలకు దక్కేదేమిటి? ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా మేడ్చల్ చేరి 44వ జాతీయ రహదారి ఎక్కితే, సోషల్ పాఠం కిటికీ పక్కనే కనిపిస్తుంది. నిర్మల్‌కు ముందు గోదావరి, మహారాష్ట్ర సరిహద్దులో పెన్‌గంగ, మధ్యప్రదేశ్‌లో నర్మద, ధోల్‌పూర్‌కు ముందు చంబల్ దాటుతారు. ప్రతి వంతెన దగ్గర "ఈ నీళ్లు ఏ సముద్రానికి వెళ్తాయి?" అని అడగండి. వీటిలో నర్మద ఒక్కటే అరేబియా సముద్రానికి వెళ్తుంది. నర్సింగ్‌పూర్, సాగర్ మధ్య కర్కట రేఖ కూడా దాటుతారు.

రోజూ ఉదయం ఏడు గంటలకు ఊరి పేరు, ఎత్తు, ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాయించండి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, మనాలీది 2,050. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న సూత్రం అప్పుడు బట్టీ పట్టనక్కర్లేదు.

అయితే పిల్లల క్షేమం ముందు, పాఠం తర్వాత. తెల్లవారాక బయలుదేరండి, చీకటి పడేలోపు ఆగిపోండి. రెండు గంటలకోసారి కారు ఆపండి. డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఇద్దరు లేకపోతే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. ముద్దుకైనా సరే, చిన్నపిల్లలను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. వెనుక సీట్లోనూ బెల్టు పెట్టాల్సిందే. ఘాట్ రోడ్డు అలవాటు లేకపోతే మీ కారు చండీగఢ్‌లో ఉంచి, అక్కడి టాక్సీ మాట్లాడుకోండి.

దయచేసి స్కూలు ఎగ్గొట్టించి మాత్రం తీసుకెళ్లవద్దు. ఈ ఏడాది కుదరకపోతే ఆదివారం పూట అట్లాస్ పరిచి, 44వ నంబరు రహదారి మీద పిల్లలతో వేలు పెట్టి నడిపించండి. ఎన్ని నదులు, ఎన్ని రాష్ట్రాలు దాటారో రాసి సోమవారం క్లాసుకు పంపితే, మిగతా పిల్లలకూ వినిపిస్తాం.