కుక్క మెడకు కరెంటు పట్టీ: కొనుటకు ముందు

అడ్డతీగల కొండలలో కుక్కను ముద్దుకొరకు పెంచువారు తక్కువ. కొండరెడ్ల యింటనైనను, కోయదొరల యింటనైనను అది పనిచేసి తిండి సంపాదించుకొను జీవము. మంచెమీద కావలి యున్నవానికంటె ముందుగా పంది అలికిడిని కనిపెట్టునది అదియే. మేకలవెంట అడవికి పోవునదియు అదియే. పూర్వము వేటకు పోవువారి ముందు నడచినదియు అదియే.

దూరమునుండి మీట నొక్కినంతనే కుక్కను వెనుకకు రప్పించు పట్టీ యొకటి వచ్చినదని ఫోనులో చూచి, అట్టిది తమ కుక్కకు కొనవలెనని తలచు యువకులు కలరు. అట్టివారికొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పట్టీలో రెండు భాగములున్నవి. ఒకటి మనిషి చేతిలో నుండు మీటల పెట్టె. రెండవది కుక్క మెడకు కట్టు చిన్న పెట్టె; దానిలో బ్యాటరీ యుండును, దాని లోపలివైపున రెండు లోహపు మొనలు కుక్క చర్మమునకు తగులుచుండును. మీట నొక్కగా కొన్ని పట్టీలు కూత పెట్టును, కొన్ని అదరును, కొన్ని మొనలద్వారా కరెంటు తగిలించును. పందులకొరకు కొందరు దొంగతనముగా కట్టు కరెంటు తీగవలె ఇది ప్రాణము తీయునది కాదు. కాని నొప్పి కలిగించుటకే దీనిని చేసిరి. 1960ల చివర అమెరికాలో దూరదూరములకు పరుగెత్తు వేటకుక్కలకొరకు దీని వాడుక మొదలైనది.

కనుక కొనదలచినవారు మొదట తమ్ము తాము అడుగుకొనవలసినది ధర కాదు. ఈ కుక్కతో నేను చేయించదలచిన పని యేమి అన్నది.

ఆ పని వేటయైనచో, పట్టీ మాట అటుంచుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి జంతువులను చంపుటనే కాక, తరుముటను, ఉచ్చు పన్నుటను, అట్టి ప్రయత్నమును సైతము వేటగానే లెక్కించుచున్నది. కుక్క జంతువును తరిమినది, నేను చేయి వేయలేదు అన్న మాట అక్కడ చెల్లదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మనకు భూమిపై, చింతపండు, తేనె వంటి అటవీ ఫలములపై హక్కులను గుర్తించినదే గాని, వేటను మాత్రము ఆ సంప్రదాయ హక్కులనుండి స్పష్టముగా మినహాయించినది. పాడేరు, అరకు వైపు ఇటుకల పండుగకు మగవారు అడవికి పోవు ఆచారము ఎంత పాతదో మేమెరుగుదుము. పెద్దలకు ఈ మాట కష్టముగా తోచవచ్చును. అయినను పట్టుబడినప్పుడు కారాగారమునకు పోవువాడు కుక్క యజమానియే గాని, పట్టీ అమ్మినవాడు కాదు.

ఇక పొలము కావలి, మేకల కావలి. ఈ పనులకు కుక్కకు రావలసిన విద్య ఒక్కటే: పిలిచినంతనే వెనుకకు వచ్చుట. పందిని గట్టు దాటించిన కుక్క అంతటితో నిలువక అడవిలోనికి వెంబడించినచో, చిరుతపులి నోట పడవచ్చును. ఎదురు తిరిగిన పంది కోరకు బలికావచ్చును. ఎవరో పందికొరకు పెట్టిన నాటుబాంబును కొరుకవచ్చును. కుక్కవలన అడవికిని కీడు కలదు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోయినవి. వానిలో కొన్నింటికి కుక్కలకు సహజముగా వచ్చు డిస్టెంపర్ వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలినది.

మరి ఈ విద్య కరెంటుతో త్వరగా వచ్చునా? ఇంగ్లాండులో ఈ విషయమును పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. పిలిచినను రాని 63 కుక్కలను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు కరెంటు పట్టీతోను, తక్కిన రెంటికి పట్టీ లేకుండను నేర్పిరి. తిండి, మెప్పు ముఖ్యముగా నేర్పిన జట్టు పిలుపు వినుటలో ముందు నిలిచినది. పొరుగున నున్న వేల్స్ వారు 2010లోనే ఈ పట్టీలను నిషేధించిరి.

కారణము ఊహించుట కష్టము కాదు. నొప్పి కలిగిన క్షణమున కుక్క కంటి ఎదుట ఏది యున్నదో, నొప్పి దానివలననే కలిగినదని కుక్క తలచును. ఎదుట మేకపిల్ల యున్నచో మేకపై పగ. ఇరుగుపొరుగు పిల్లవాడున్నచో పిల్లవానిపై పగ. కావలి కుక్క కరచు కుక్కగా మారుటకు ఒక్క తప్పు మీట చాలును.

పిలుపు నేర్పు విధము మన పెద్దలకు కొంత తెలిసినదే. పిల్లకు రెండు నెలలు నిండినప్పటినుండి ఇంటివారందరు ఒకే మాటతో పిలువవలెను. తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట పలికినచో అది తికమకపడును. వచ్చిన ప్రతిసారి ఎండుచేప ముక్కయో, సంగటి ముద్దలో చిన్న ఉండయో ఇచ్చి మెడ నిమురవలెను. రోజునకు నాలుగైదు మార్లు, ఒక్కొక్కమారు రెండు మూడు నిమిషములు చాలును. ముంగిలిలో వచ్చుట అలవడిన పిమ్మట, అయిదారు బారల త్రాడు కట్టి పొలము గట్టునకు తీసికొని పోవలెను. రానప్పుడు త్రాడును మెల్లగా చేతికి చుట్టుకొనుచు పిలువవలెను, గుంజరాదు. మేకలు ఎదుట నున్నను వచ్చునప్పుడే త్రాడు విప్పవలెను. అన్నిటికంటె ముఖ్యము, పిలిచి కొట్టరాదు. కోడిని పట్టిన కుక్కను పిలిచి బడితెతో మోదినవాడు, మరునాడు అది పిలుపునకు రాలేదని విసుగుకొనుట మేము చూచినాము.

అడవిలో కుక్క ఎక్కడ నున్నదో తెలియుటకు మెడలో గంట చాలును. ఆవులకు కట్టు గంట బరువు. మేకపిల్లకు కట్టు చిన్న గంట మేలు.

ఇంత చెప్పినను యంత్రము కావలెనన్నవారు కరెంటు మొనలు లేని, కూతతోనో అదురుతోనో పనిచేయు రకమును తీసికొనవలెను. ముందుగా ఇంటివద్ద ఆ కూతకు తిండి జతచేసి నేర్పినచో, అది దూరపు పిలుపుగా పనికివచ్చును. పెట్టెమీద వ్రాసిన దూరమును నమ్మరాదు. అది చెట్టు, గుట్ట లేని బయలులో కొలిచినది; మన లోయలలో అందులో కొంతయే పనిచేయును. కుక్క ఉన్నచోటు చూపు పట్టీలలో కొన్ని ఫోను సిగ్నలుపై ఆధారపడును. టవరు అందని మలుపులో అట్టి పట్టీ వట్టి బరువు. విదేశములనుండి తెప్పించు రేడియో పట్టీలలో కొన్ని వాడు తరంగములకు మన దేశమున అనుమతి అవసరము. మన నాటుకుక్క బక్కది, మెడ సన్నము. పెద్ద జాతుల కొరకు చేసిన పట్టీ దాని మెడను ఒరయును. వానలో తడిసినను చెడనిదిగా నుండవలెను. ఏ పట్టీయైనను మెడకును దానికిని నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. రాత్రి విప్పి, మెడక్రింద పుండు గాని, గోమారులు గాని ఉన్నవేమో చూడవలెను.

ఆ సొమ్ములో మొదటి భాగము మాత్రము టీకాకు పోవలెను. పిల్లకు మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబీస్ టీకా వేయించి, ఏటేట మరల వేయించవలెను. అడవిలో నక్కతోనో, ఊరికుక్కతోనో ఎప్పుడు కలియబడునో తెలియని కుక్కకు ఇది తప్పనిసరి. మనిషిని కుక్క కరచినచో గాయమునకు పసరు, కారము, సున్నము పూయరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మొదటి సూది తరువాత నొప్పి తగ్గినదని ఊరకుండక, డాక్టరు వ్రాసి యిచ్చిన తేదీలన్నింటికి పోయి మిగిలిన సూదులు వేయించుకొనవలెను. ఆ చీటీని రేషను కార్డుతో కలిపి దాచుకొనుడు.