కైనీసియాలజీ చదువుకు స్కాలర్‌షిప్ ఎక్కడుంది?

శరీరం ఎలా కదులుతుంది, వ్యాయామం గుండెనూ కండరాలనూ మనసునూ ఎలా మారుస్తుంది, గాయపడిన మనిషి మళ్లీ ఎలా నిలదొక్కుకుంటాడు... వీటిని శాస్త్రీయంగా చదివేదే కైనీసియాలజీ. ఇంటర్ బైపీసీ విద్యార్థులు, బీపీటీ, బీపీఈడీ పూర్తిచేసినవాళ్లు ఈ కోర్సు కోసం విదేశాల వైపు, ముఖ్యంగా కెనడా వైపు చూస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: స్కాలర్‌షిప్ వస్తుందా?

వస్తుంది. అయితే ఎంత శాతం మార్కులు వచ్చాయన్నది ఒక్కటే చాలదు. ఏ రకం ప్రోగ్రామ్ ఎంచుకున్నారు, ఎంత ముందుగా మొదలుపెట్టారు అన్నవే ఇక్కడ ఎక్కువగా పనిచేస్తాయి. ఈ రెండూ తెలియక మంచి విద్యార్థులు కూడా లక్షల్లో అప్పు చేసి వెళ్తున్నారు.

కెనడాయే ఎందుకు?

ఈ సబ్జెక్టుకు యూనివర్సిటీలో ప్రత్యేక విభాగం తొలిసారి ఏర్పడింది అక్కడే. 1967లో ఒంటారియోలోని వాటర్లూ యూనివర్సిటీ కైనీసియాలజీ డిపార్ట్‌మెంట్‌ను ప్రారంభించింది. ఇప్పుడు టొరంటో, మెక్‌మాస్టర్, బ్రిటిష్ కొలంబియా, కాల్గరీ, ఆల్బర్టా, మెక్‌గిల్ వంటి పెద్ద యూనివర్సిటీలన్నిటిలో ఈ చదువు ఉంది. ఒంటారియోలో 2013 ఏప్రిల్ నుంచి ఇది లైసెన్సు ఉన్న వృత్తి. అక్కడి కాలేజ్ ఆఫ్ కైనీసియాలజిస్ట్స్‌లో నమోదైనవాళ్లే తాము కైనీసియాలజిస్టులమని చెప్పుకోవాలి. ఆసుపత్రుల పునరావాస విభాగాలు, క్రీడా జట్లు, ఫ్యాక్టరీల్లో కార్మికుల భద్రత, వృద్ధుల సంరక్షణ... ఇవన్నీ వీళ్లు పనిచేసే చోట్లే.

మన దగ్గరా ఈ చదువు అవసరం పెరుగుతోంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. ఈ పరిస్థితిని మార్చాలంటే జిమ్ ట్రైనర్లు మాత్రమే సరిపోరు. పరిశోధన తెలిసినవాళ్లు కావాలి.

ఆటగాళ్ల స్కాలర్‌షిప్ వేరు

స్పోర్ట్స్ స్కాలర్‌షిప్, ఈ సబ్జెక్టు చదివేవాళ్లకు వచ్చే స్కాలర్‌షిప్... ఈ రెండిటినీ కలిపేసుకోవద్దు. అమెరికాలో కాలేజీ క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏ పరిధిలోని జట్లు ఆట చూసి స్కాలర్‌షిప్ ఇస్తాయి. మీరు ఏ సబ్జెక్టు తీసుకున్నా అది వర్తిస్తుంది. కెనడాలో యూనివర్సిటీ క్రీడలను నడిపే యూ స్పోర్ట్స్ పరిధిలోని యూనివర్సిటీలు ఇచ్చే క్రీడా సాయం ట్యూషన్, తప్పనిసరి ఫీజులను మించకూడదన్న నిబంధన ఉంది. మన ఖేలో ఇండియా సాయం కూడా క్రీడాకారుల కోసమే. జాతీయ స్థాయిలో ఆడినవాళ్లు ఈ దారిలో ప్రయత్నించండి. మిగతావాళ్లు యూనివర్సిటీ, డిపార్ట్‌మెంట్, ప్రభుత్వం... ఈ మూడు చోట్లే వెతకండి.

ఇంటర్ తర్వాత

డిగ్రీ స్థాయిలో అంతర్జాతీయ విద్యార్థులకు పూర్తి సాయం అరుదు. ఉన్నవాటిలో టొరంటో యూనివర్సిటీ ఇచ్చే లెస్టర్ బి. పియర్సన్ స్కాలర్‌షిప్ పెద్దది. నాలుగేళ్ల ట్యూషన్, పుస్తకాలు, ఇతర ఫీజులు, హాస్టల్ ఖర్చు అన్నీ అదే భరిస్తుంది. అక్కడి కైనీసియాలజీ అండ్ ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీకీ ఇది వర్తిస్తుంది. దీనికి మీరు నేరుగా దరఖాస్తు చేయడం కుదరదు. ముందు మీ కాలేజీయే మీ పేరును నామినేట్ చేయాలి. మన జూనియర్ కాలేజీల్లో చాలావాటికి ఈ పద్ధతి కొత్త. కాబట్టి ఇంటర్ ఫస్టియర్‌లోనే ప్రిన్సిపల్‌ను కలిసి, నామినేషన్ ఎలా చేయాలో వివరాలన్నీ ముందు పెట్టండి.

బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో కరెన్ మెక్‌కెలిన్, డొనాల్డ్ వెరంగ్ పేర్లతో రెండు అవార్డులున్నాయి. ప్రతిభతో పాటు కుటుంబ ఆర్థిక పరిస్థితినీ చూసి, ఎంత అవసరమో లెక్కగట్టి ఇస్తారు. ఇంట్లో పరిస్థితి చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆ ఫారాన్ని సగం నింపి వదిలేయకండి. ఆదాయం, అప్పులు, చదువుకుంటున్న తోబుట్టువులు... అన్నీ కాగితాలతో సహా చూపించండి.

బైపీసీవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. కొన్ని యూనివర్సిటీలు కైనీసియాలజీ డిగ్రీకి ప్లస్ టూ స్థాయి గణితం కూడా అడుగుతాయి. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఇది తేల్చుకోండి.

పీజీలో థీసిస్ ఉంటేనే డబ్బు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే. కైనీసియాలజీలో మాస్టర్స్ రెండు రకాలు. కోర్సువర్క్‌తో ముగిసేది ఒకటి, పరిశోధన చేసి థీసిస్ రాసేది మరొకటి. టొరంటోలో మాస్టర్ ఆఫ్ ప్రొఫెషనల్ కైనీసియాలజీ, బ్రిటిష్ కొలంబియాలో మాస్టర్ ఆఫ్ కైనీసియాలజీ మొదటి రకం. వీటిలో ఎక్కువగా విద్యార్థే ఫీజు కట్టుకోవాలి. థీసిస్‌తో ఉండే ఎమ్మెస్సీలో సీటుతో పాటే ఫండింగ్ వచ్చే అవకాశం ఎక్కువ. టీచింగ్ అసిస్టెంట్‌షిప్, ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి వచ్చే స్టైపెండ్, డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్... ఈ మూడూ కలిపి ఆఫర్ లెటర్‌లో ఒక మొత్తంగా చూపిస్తారు.

ఆ లెటర్‌ను ఎలా చదవాలో చూద్దాం. ఏడాదికి 24,000 కెనడా డాలర్లు ఇస్తామన్నారనుకోండి. అందులో 9,000 టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌కు ఇచ్చే జీతం, 9,000 ప్రొఫెసర్ గ్రాంట్, 6,000 స్కాలర్‌షిప్. ఫీజు 10,000 పోతే చేతికి మిగిలేది 14,000. నెలకు 1,170 డాలర్ల లోపే. మరోవైపు క్యూబెక్ బయట చదివేవాళ్లు స్టడీ పర్మిట్ కోసం చూపాల్సిన జీవన వ్యయం 2025 సెప్టెంబరు 1 నుంచి ఏడాదికి 22,895 డాలర్లు. అంటే ఫండింగ్ వచ్చినా దాదాపు 9,000 డాలర్లు సొంతంగా చూపాలి. ఆఫర్ లెటర్ రాగానే బంధుమిత్రులకు చెప్పే ముందు ఈ లెక్క వేసుకోండి. ఆ మొత్తం ఎన్నేళ్లు ఇస్తారు, ఫీజు పెరిగితే స్టైపెండ్ పెంచుతారా, అసిస్టెంట్‌షిప్‌కు వారానికి ఎన్ని గంటలు పనిచేయాలి... ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి.

చేరాక పోటీపడే స్కాలర్‌షిప్‌లు వేరు. ఒంటారియో గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్ టర్ముకు 5,000 డాలర్ల చొప్పున మూడు టర్ములకు 15,000 ఇస్తుంది. అంతర్జాతీయ విద్యార్థులకు ఇందులో కొన్నే ఉంటాయి. పీహెచ్‌డీలో కెనడా ప్రభుత్వ పరిశోధన స్కాలర్‌షిప్ ఏడాదికి 40,000 డాలర్ల చొప్పున మూడేళ్లు వస్తుంది. ఇక్కడా విదేశీయులకు పరిమిత అవకాశమే. కండరాల శరీరధర్మం మీద పనిచేస్తే ఎన్‌సెర్క్, ఆరోగ్యం మీదైతే సీఐహెచ్ఆర్, క్రీడలు-సమాజం మీదైతే ఎస్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ... ప్రభుత్వ నిధులిచ్చే ఈ మూడిట్లో ఏ సంస్థకు దరఖాస్తు పంపాలో మీ పరిశోధనాంశమే నిర్ణయిస్తుంది.

ప్రొఫెసర్‌కు రాసే ఈమెయిల్

థీసిస్ సీటుకు తాళంచెవి సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. ఆయన గానీ ఆమె గానీ ఒప్పుకోకపోతే చాలా డిపార్ట్‌మెంట్లలో దరఖాస్తు ముందుకు కదలదు. మనవాళ్ల ఈమెయిల్స్ చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: రెస్పెక్టెడ్ సర్, మీ పరిశోధన అంటే నాకెంతో ఆసక్తి, దయచేసి అవకాశం ఇవ్వండి, రెజ్యూమె జతచేశాను. ఇలాంటివి ప్రొఫెసర్లకు రోజూ వస్తుంటాయి. తెరిచి చదవరు.

దానికి బదులు బీపీటీ ఇంటర్న్ ఒకరు ఇలా రాశారనుకోండి: ‘వృద్ధుల కాళ్ల బలం మీద మీ పేపర్ చదివాను. మా ఆసుపత్రికి వచ్చే 60 ఏళ్లు దాటిన మహిళలకు 30 సెకన్ల కుర్చీ పరీక్ష చేశాను. చేతులు ఛాతీ మీద పెట్టుకుని ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కించాను. నేల మీద కూర్చుని పనిచేసే అలవాటున్నవాళ్లలో ఫలితం వేరుగా ఉంటుందా అన్నది నా ప్రశ్న. వచ్చే సెప్టెంబరుకు మీరు కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా?’ ఐదు వాక్యాల్లోనే చదివినదీ, చేసినదీ, అడుగుతున్నదీ అన్నీ ఉన్నాయి. దీనికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మన పొలం పని, మన ఆటలు, మన ఇళ్లలో కూర్చునే తీరు... ఇవి అక్కడి ల్యాబ్‌లకు దొరకని ప్రశ్నలు. వాటినే మీ బలం చేసుకోండి.

యూరప్‌లో ఒక దారి

వైకల్యం ఉన్నవారికి తగిన వ్యాయామం, క్రీడల మీద ఆసక్తి ఉంటే అడాప్టెడ్ ఫిజికల్ యాక్టివిటీ కోర్సు చూడండి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా అమ్మాయి జీవాంజి దీప్తిని చూస్తే ఈ చదువు విలువ అర్థమవుతుంది. మేధోవైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగమే టీ20. బెల్జియంలోని కేయూ లూవెన్ యూనివర్సిటీ నడిపే ఈ మాస్టర్స్ యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ముండస్ పథకంలో నడిచిన కోర్సు. ఎరాస్మస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు. పైగా నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. మీరు చేరే ఏడాది కేటలాగ్‌లో ఈ కోర్సు ఉందో లేదో చూసి దరఖాస్తు చేయండి.

మన ప్రభుత్వాల సాయం

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు. విదేశాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీకి ఏటా 125 మందికి ఇస్తారు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, 35 ఏళ్ల లోపు వయసు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఉండాలి. డిగ్రీకి ఇది వర్తించదు.

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న విద్యానిధి, మైనారిటీల పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. అర్హమైన కోర్సులను విభాగాల వారీగా ఇస్తారు కాబట్టి, కైనీసియాలజీ ఏ విభాగం కిందికి వస్తుందో జిల్లా సంక్షేమ అధికారి దగ్గర ముందే రాతపూర్వకంగా నిర్ధారించుకోండి. ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు తమ సంక్షేమ శాఖ తాజా నోటిఫికేషన్‌ను చూడాలి.

దేశంలోనే ఉండి చదివేవాళ్లకు ఎంపీఈడీ తర్వాత యూజీసీ నెట్ మంచి మార్గం. ఫిజికల్ ఎడ్యుకేషన్ అందులో ఒక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి ఇన్‌స్టిట్యూట్, ఉస్మానియా వంటి చోట్ల ఆ ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసి, తర్వాత పోస్ట్ డాక్టరల్ పరిశోధనకు విదేశాలకు వెళ్లినా ఆలస్యమేమీ కాదు. చేతిలో అప్పు ఉండదు.

రెండు జాగ్రత్తలు

మొదటిది బీపీటీవాళ్లకు. కైనీసియాలజీలో మాస్టర్స్ చేసినంత మాత్రాన కెనడాలోనో అమెరికాలోనో ఫిజియోథెరపిస్టుగా పనిచేయలేరు. ఫిజియో లైసెన్సు దారి పూర్తిగా వేరు. అర్హతల పరిశీలన, పరీక్షలు విడిగా ఉంటాయి. మీకు కావాల్సింది ఫిజియో ఉద్యోగమైతే ముందు ఆ దారి చూడండి.

రెండోది మూడేళ్ల డిగ్రీవాళ్లకు. కెనడాలో చాలా పీజీలకు నాలుగేళ్ల డిగ్రీ కావాలి. బీఎస్సీ లేదా బీపీఈఎస్‌తో ఆగినవాళ్లు ఎంపీఈడీ గానీ, నాలుగో ఏడాది ఆనర్స్ గానీ పూర్తిచేసి వెళ్తే మంచిది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సెప్టెంబరు తరగతులకు చాలా యూనివర్సిటీల గడువు అంతకుముందు డిసెంబరు-జనవరిలోనే ముగుస్తుంది. అంటే చేరడానికి ఏడాదిన్నర ముందే పని మొదలవ్వాలి. మార్చి నుంచి పేపర్లు చదవండి. జులైలోగా ఐఈఎల్‌టీఎస్ రాయండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రొఫెసర్లకు రాయండి. అక్టోబరులో సిఫారసు లేఖలు అడగండి. లేఖ ఇచ్చే లెక్చరర్‌కు మీరు చేసిన ప్రాజెక్టు వివరాలు ఒక పేజీలో రాసిస్తే, ఆ లేఖలో మీ గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. కన్సల్టెన్సీ చూపించిన కాలేజీల జాబితాతోనే ఆగిపోకండి. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఫండింగ్ పేజీని మీ కళ్లతో మీరే చదవండి. కోర్సు పేరు పక్కన థీసిస్ అన్న మాట ఉందో లేదో చూసి, ఈ వారమే ముగ్గురు ప్రొఫెసర్ల పేపర్లు చదవడం మొదలుపెట్టండి.